నడుంపట్టీ

కాకినాడ రేవులో పొగఓడ దిగిన ప్రతివాడికీ ఎవరో ఒకరు ఎదురొచ్చారు. ఒకడికి తమ్ముడొచ్చాడు, ఒకడికి మేనమామ వచ్చాడు, ఒకడికైతే ఇంటి కుక్కతో సహా వచ్చారు. నాకు ఎవరూ రాలేదు. కబురు పంపితే కదా రావడానికి అంటారేమో. నిజమే, పంపలేదు. అయినా కడుపు మండడానికి న్యాయం ఉండాలని ఎక్కడుంది?

నా పేరు పల్లంరాజు. మాది చినమొగ. కోరంగికి దిగువన మడ అడవి దాటాక, ఏరు సముద్రంలో కలిసేచోట ఇసుక మేట మీద ఉంటుంది. చేపలు పట్టేవాళ్ళ కొంపలు తప్ప అక్కడ మరేమీ లేవు. నాలుగేళ్ళ కిందట ఒక మేస్త్రీ మాటలు నమ్మి సముద్రం దాటి రంగూన్ వెళ్ళాను. మావాళ్ళు రంగం అంటారు. బియ్యపు మిల్లులో బస్తాలు మోసే పని. పగలంతా ఊక దుమ్ము మింగడం, రాత్రి ఒకే గదిలో ఒకడి కాళ్ళ దగ్గర ఇంకొకడు తల పెట్టుకుని పడుకోవడం. అక్కడ తెలుగువాడు ఎవడు కనబడినా కోరంగీ అంటారు. మా పక్క ఊరి పేరు అక్కడ తిట్టు అయి కూచుంది. మొదట్లో "మాది కోరంగి కాదయ్యా, చినమొగ" అని చెప్పి చూశాను. తరవాత మానేశాను. వినేవాడు ఉంటే కదా.

వానలు పడే నెలల్లో మిల్లులో పని తగ్గిపోతుంది. అప్పుడు చాలామంది ఇళ్ళకు వచ్చి, దసరా వెళ్ళాక మళ్ళీ ఓడ ఎక్కుతారు. నేను ఇన్నేళ్ళూ రాలేదు. మేస్త్రీ వదలక కొంత, వెళ్ళి ఏం మొహం చూపించాలని కొంత. ఈసారి మాత్రం ఒక పని పెట్టుకుని వచ్చాను. మా ఊరి అలివి వలలో నాకున్న చోటు వదిలేసి, నా భార్య లోవమ్మను నాతో రంగం తీసుకుపోవాలి. మా ఒక్క అమ్మాయిని నేను వెళ్ళకముందే తాళ్ళరేవులో ఇచ్చేశాం. ఇంక ఆ ఇసుక మేట మీద మాకేముంది?

అలివి అంటే ఊరంతా కలిసి లాగే పెద్ద వల. పడవ దాన్ని సముద్రంలో వంపుగా వేసుకుంటూ పోయి మళ్ళీ ఒడ్డుకు వస్తుంది. వల రెండు కొసలకూ రెండు పొడుగాటి తాళ్ళు. ఒక్కో తాడు దగ్గర ఇంటికొక మనిషి చొప్పున నిలబడి లాగుతారు. చేతులతో కాదు. ప్రతి ఇంటికీ జనపనారతో అల్లిన నడుంపట్టీ ఒకటి ఉంటుంది. దాన్ని నడుముకు చుట్టుకుని, దాని కొసనున్న ముడిని పెద్దతాడు మీద మెలివేసి, వెనక్కి వెనక్కి నడవాలి. ఆ పట్టీయే ఆ ఇంటి చోటు. కట్టుకునేది ఆ ఇంటి మనిషే అయి ఉండాలి. ఒక ఏడాదిపాటు పట్టీ తడవకుండా వలల పాకలో మేకుకే వేలాడిందంటే చోటు పోయినట్టు. ఇంకొకరికి ఇవ్వదలిస్తే, వల ఒడ్డుకు వచ్చాక, చేపలు పంచకముందు, చోటు గలవాడు తడి పట్టీని అందరి ముందూ ఆ మనిషి చేతిలో పెట్టాలి.

నా చోటు ఈపాటికి పోయి ఉంటుందనే అనుకున్నాను. కానీ కిందటేడు ఊరు వెళ్ళొచ్చిన కుర్రాడొకడు "నీ పట్టీ ఇంకా ఉంది మావా" అన్నాడు. ఎలా ఉందో అడగబోయేలోపల బస్తాల దగ్గరనుంచి కేక పడింది. ఆ తరవాత మళ్ళీ ఊరెళ్ళే ఇంకొకడి చేత బుల్లియ్యకు మాట పంపాను, నా చోటు నీ రెండో కొడుక్కి ఇస్తానని. బుల్లియ్య మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉంటాడు. ఇద్దరు కొడుకులకూ కలిపి ఒకే చోటు ఉందని ఎప్పుడూ ఏడుస్తాడు.

ఉప్పు మోసే పడవలో కోరంగి దాకా వచ్చి, అక్కణ్ణించి నడిచి, మధ్యాహ్నానికి ఊరు చేరాను. ఒడ్డున వల ఎండేసి ఉంది. మనుషులెవరూ లేరు. ఇంటికి పోయే దారిలోనే వలల పాక. లోపలికి తొంగి చూశాను. నా మేకుకు నా పట్టీ వేలాడుతోంది.

తడిగా ఉంది.

చేతిలోకి తీసుకున్నాను. నాదే. మా నాన్న అల్లింది. కానీ ఒక పక్క జానెడు మేర కోసేసి, కొత్త దారంతో గట్టిగా కుట్టారు. మావాళ్ళం పట్టీ చూసి మనిషిని చెప్పగలం. ఇది కట్టుకునేవాడు నాకన్నా సన్నం. నాకన్నా పొట్టి. కుడి పక్క నున్నగా అరిగింది కనక ఎడమకాలు తన్నిపెట్టి లాగేవాడు. కట్టుకునేది ఇంటి మనిషే అయి ఉండాలన్నది రివాజు. మా ఇంట్లో లోవమ్మ ఒక్కతే ఉంది. మరి ఈ సన్నటివాడు ఎవడు?

ఎండలో అంత దూరం నడిచి వచ్చినా పట్టని చెమట అప్పుడు పట్టింది.

ఇంటి తలుపుకు గొళ్ళెం పెట్టి ఉంది. అరుగు మీద కూచున్నాను. పక్కింటి సుబ్బాయమ్మ ముసలిది, ఊళ్ళో ఎవరినీ వదలదు. చేట పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవరయ్యా? ఓలమ్మ, రంగం దొరా! టోపీ ఏదీ?"

"లోవమ్మ ఏది పిన్నీ?"

"చేపలు పట్టుకుని తాళ్ళరేవు ఎల్లింది. దీపాలేళకి వస్తది. ఇన్నేళ్ళు ఆగినోడివి, ఇంకాసేపు ఆగలేవా?"

ఆగాను. ఆగినకొద్దీ ఆ సన్నటివాడికి మొహం వచ్చింది, మీసం వచ్చింది, నా అరుగు మీద కూచుని నా కంచంలో తిన్నాడు కూడా.

దీపాలవేళకు లోవమ్మ వచ్చింది. తల మీద ఖాళీ బుట్ట. మనిషి నల్లబడింది, బిగుసుకుంది. నన్ను చూసి ఆగింది. బుట్ట దించింది. కాళ్ళు కడుక్కోమని చెంబుతో నీళ్ళిచ్చింది. నాలుగేళ్ళకు వచ్చిన మొగుడితో ఆవిడ అన్న మొదటిమాట ఇది:

"బుల్లియ్యకి కబురెట్టావంట బావా. నాకెట్టలేదు."

పెట్టె విప్పి, ఆవిడ కోసం తెచ్చిన బర్మా పట్టుగుడ్డ తీసి ఇచ్చాను. గులాబీ రంగు, వేళ్ళ మధ్య జారిపోయేంత మెత్తన. దీపం దగ్గర పట్టుకుని చూసింది. చెంపకు ఆనించుకుంది.

"బాగుంది. మంచి గుడ్డ తెచ్చావు" అని మడత పెట్టింది.

అన్నం తిన్నాక నేను వచ్చిన పని చెప్పాను. చోటు వదిలేస్తున్నానని, దసరా వెళ్ళాక ఇద్దరం ఓడ ఎక్కుతున్నామని. ఆవిడ కంచాలు తీసి కడిగి బోర్లించింది. ఇంక నా వల్ల కాలేదు.

"నా పట్టీ ఎవడు కట్టుకుంటున్నాడే?"

లోవమ్మ తలెత్తి చూసింది. మూతి మీద చెయ్యి పెట్టుకుంది. పెట్టుకున్నా ఆగలేదు. కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"పాకలోకి ఎల్లి చూశావా? అందుకా ఇందాకటినుంచీ మొహం అలాగెట్టావు?"

"ఎవడని అడుగుతున్నాను."

"నాజూకైన మనిషే బావా. చూస్తే నువ్వూ ముచ్చటపడతావు."

"ఊళ్ళో అందరికీ తెలుసా?"

"రోజూ చూస్తానే ఉంటారుగా."

"సిగ్గు లేదూ?"

"మొదట్లో ఉండేది. అంత బరువు లాగుతుంటే సిగ్గెక్కడ నిలుస్తది?" అంది. తరవాత నవ్వు మానేసి నావైపు తిరిగింది. "పొద్దున్నే వలేస్తారు. చోటు వదిలేదేదో అక్కడే, అందరి ముందూ వదులు. కానీ ముందు ఆ మనిషి లాగడం ఓసారి చూడు. చూశాక కూడా నన్ను రమ్మంటే వస్తా. నీతో ఓడెక్కుతా. ఇంక మాటాడను."

మీకు అర్థమయ్యే ఉంటుంది. నాకు కాలేదు. రోషం ఎక్కినవాడికి చెవులు రెండూ ఉండి దండగ.

నేను లేచేసరికి ఆవిడ ఇంట్లో లేదు. ఒడ్డుకు వెళ్ళాను. తూర్పున ఎర్రబడుతోంది. పడవ అప్పటికే వల వేసేసి తిరిగి వచ్చింది. రెండు తాళ్ళ దగ్గరా జనం చేరుతున్నారు. వలపెద్ద భీమరాజు చుట్ట నోట్లో పెట్టుకుని ఇసుక మీద నిలబడ్డాడు. ఆయన ఊ అంటేనే వల పడుతుంది, ఊ అంటేనే చేప పంపకమవుతుంది.

"వచ్చావా పల్లంరాజూ! బతికే ఉన్నావన్నమాట" అన్నాడు.

"మీ దయ అండీ."

బుల్లియ్య నా పక్కకు వచ్చి మోచేత్తో పొడిచాడు. వెనకాల వాడి రెండో కొడుకు, కొత్త పంచె కట్టుకుని, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా నిలబడ్డాడు. "మాట గుర్తుందా? వల ఒడ్డుకు రాగానే ఇచ్చెయ్యి. నాన్చకు."

"ఇస్తాను. ముందు నా చోట్లో ఎవడు నిలబడుతున్నాడో చూడనీ."

బుల్లియ్య నన్ను వింతగా చూశాడు. "నీకు తెలీదా?" అని, కుడి తాడు వైపు గడ్డం ఎత్తాడు.

చీర గోచీ పోసి కట్టి, తలకు పాతగుడ్డ చుట్టుకుని, లోవమ్మ నా పట్టీ నడుముకు బిగిస్తోంది. పట్టీ కింద, ఒరుసుకునేచోట, మెత్తగా మడిచి పెట్టిన గులాబీ రంగు గుడ్డ. నేను తెచ్చిన పట్టుగుడ్డ!

గబగబా వెళ్ళాను. నోట్లోంచి మొదట వచ్చింది ఇదీ: "బర్మా పట్టే అది! నడుం కింద మెత్త వేసుకుంటావా?"

"అందుకే అన్నా, మంచి గుడ్డ తెచ్చావని" అంది ముడి మెలివేస్తూ. "ఇన్నాళ్ళూ గోనెముక్కతో ఏగాను. జరుగు బావా, తాడు కదులుద్ది."

భీమరాజు కేక వేశాడు. తాడు కదిలింది.

నేను పక్కకు జరిగి చూశాను. లాగడం చూడక కాదు, పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. మగవాళ్ళు బలం చూపిస్తారు. మెడనరాలు ఉబ్బుతాయి, కేకలు పెడతారు, అల వెనక్కి గుంజినప్పుడు రెండడుగులు పోగొట్టుకుని మళ్ళీ తిట్టుకుంటూ తెచ్చుకుంటారు. లోవమ్మ కేక పెట్టలేదు. ఎడమ మడమ ఇసుకలో దించి, నడుము వాల్చి, తాడు ఇచ్చినంత పుచ్చుకునేది. అల గుంజినప్పుడు లాగేది కాదు, ఇచ్చేదీ కాదు. గుంజలా నిలబడేది. అల వదలగానే అడుగు వేసేది. ఆవిడ ముందున్న చిట్టియ్య, వెనకున్న పెద్ద కండలవాడు, ఇద్దరూ ఆవిడ అడుగు చూసుకుని అడుగు వేస్తున్నారని కాసేపటికి గాని నేను కనిపెట్టలేదు. కుడి తాడంతా ఆవిడ నడకన నడుస్తోంది. తాడు చివరికి వెళ్ళినవాళ్ళు ముడి విప్పుకుని మళ్ళీ నీళ్ళ దగ్గరికి పరుగెత్తి కొత్తగా తగిలించుకోవాలి. అలా ఎన్నిసార్లు వెళ్ళి వచ్చిందో. ఒక్కసారి కూడా నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడలేదు.

భీమరాజు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"నీ పట్టీ ఎలా నిలిచిందో ఎవరైనా చెప్పారా?"

"లేదండీ."

"నువ్వెళ్ళిన ఏడాదంతా రోజూ పొద్దున్నే వచ్చేది. పట్టీ తీసుకెళ్ళి సముద్రంలో ముంచి, పిండి, మళ్ళీ మేకుకు తగిలించి ఎళ్ళిపోయేది. ఏంటమ్మా ఇదీ అంటే, పట్టీ తడవాలన్నారు గదండీ, తడిపానండీ, అనేది." ఆయన చుట్ట పక్కకు తిప్పి నవ్వాడు. "ఏడాది గడిచింది. బుల్లియ్య తగువు పెట్టాడు, లాగని ఇంటికి చోటేంటని. అదీ నిజమే గదా. ఆ మర్నాడు పట్టీ కోసి కుట్టుకుని వచ్చి తాడు దగ్గర నిలబడింది. లాగేవాళ్ళంతా వదిలేసి దూరం జరిగారు, ఆడది ముట్టిన తాడు మేం ముట్టమని. అదేం చేసిందో తెలుసా? వదల్లేదు. వల నీళ్ళలో ఉంది, అందరూ వదిలేశారు, అది ఒక్కతే తాడుకు కట్టుకుని ఉంది. అల లాక్కుపోతుంటే మోకాళ్ళ మీద పడింది. నడుంలోతు నీళ్ళలోకి ఈడ్చుకుపోయింది. అప్పటికీ ముడి విప్పుకోలేదు. నా వల పోద్దని కాదు గానీ, మనిషి పోద్దని నేనే పరుగెత్తి పట్టుకున్నా. నేను పట్టుకున్నాక ఎవడు పట్టుకోడు?"

మిల్లు దుమ్ము అని చెప్పి దగ్గి, తల తిప్పుకున్నాను.

ఆ ఏడాదే నేను రంగంలో, ఇంటికి రావడానికి సిగ్గుపడుతూ, గోడవైపు తిరిగి పడుకున్నాను.

వల దగ్గరపడ్డాక తాడు బరువెక్కింది. నేను ఊరికే నిలబడలేక లోవమ్మ వెనకాల తాడు పట్టుకున్నాను. చేతులతోనే, నాకు పట్టీ లేదు కదా. నాలుగు అడుగులు వేశానో లేదో అరచేతులు చీరుకుపోయాయి, ఊపిరి ఆగింది. రెండు బస్తాలు వీపున మోసేవాణ్ణి, తాడు ముందు తేలిపోయాను. సుబ్బాయమ్మ ఒడ్డునుంచి చూస్తూ ఊరుకుంటుందా?

"లోవమ్మా! వలలో కాదే, నీ ఎనకాల పడింది పెద్ద చేప! చూసుకో, గాలికి గిలగిల్లాడతంది!"

ఒడ్డంతా నవ్వు. లోవమ్మ వెనక్కి తిరగలేదు. "కాళ్ళు చూడు బావా, చేతులు కాదు" అంది మెల్లిగా, నాకొక్కడికే వినబడేలా.

వల సంచి ఒడ్డెక్కింది. నెత్తళ్ళు, కానాగంతలు, అడుగున రెండు పెద్ద పండుగప్పలు. జనం మూగారు. బుట్టలు వచ్చాయి. భీమరాజు చెయ్యెత్తాడు.

"పంచేముందు ఒక మాట ఉంది. పల్లంరాజు చోటు వదులుతున్నాడని విన్నాను. ఏంటి పల్లంరాజూ?"

"అవునండీ" అన్నాను.

లోవమ్మ పట్టీ విప్పింది. పట్టుగుడ్డ దులిపి భుజాన వేసుకుంది. తడి పట్టీ తెచ్చి నా చేతిలో పెట్టింది. నీళ్ళు కారుతున్నాయి. నా కళ్ళలోకి చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు, కోపం లేదు. మాట ఇచ్చింది, నిలబడుతుంది, అంతే.

"నాకోసం నిలబెట్టావా ఇది?" అని అడిగాను.

"మొదట నీకోసమే. నీ చోటు పోతే నువ్వు తిరిగి రావడానికి ఏముందిలే అని." తలగుడ్డ సర్దుకుంది. "ఇప్పుడు నాకోసం. ఇది లాగకపోతే నాకు తెల్లారినట్టుండదు బావా. అయినా రమ్మంటే వస్తా."

బుల్లియ్య కొడుకు చెయ్యి చాపుకుని ముందుకు వచ్చాడు. బుల్లియ్య వాణ్ణి వెనకనుంచి నెడుతున్నాడు.

నేను జీవితంలో మంచి పనులు పెద్దగా చేసినవాణ్ణి కాదు. చేసినా ఎవరూ మెచ్చుకోలేదు కనక అలవాటు తప్పింది. ఆ పట్టీని విప్పి పట్టుకుని, లోవమ్మ నడుముకు చుట్టి, ముడి వెయ్యబోయాను. వేళ్ళు చీరుకుపోయి ముడి పడలేదు. చివరికి రెండు కొసలూ ఆవిడ చేతుల్లోనే పెట్టాను.

"నా చోటు ఈవిడకిచ్చాను. ఇంటి మనిషిగా కాదు. ఇకనుంచి ఈ చోటు నాది కాదు, ఈవిడది. అందరూ చూశారు కదా?"

ఒక్కసారి గోల లేచింది. బుల్లియ్య గొంతు అన్నిటికన్నా పైన ఉంది.

"ఆడదానికి చోటేంటయ్యా! నువ్వు నాకు మాటిచ్చావు!"

"ఇచ్చాను. నాది కానిదాన్ని ఇస్తానన్నాను. ఓడెక్కి అంత దూరం పోయినవాడికి ఇక్కడ ఎవరిది ఏదో ఏం తెలుస్తుంది?"

"ఏమండీ భీమరాజుగారూ, మీరు చెప్పండి. ఎక్కడైనా ఉందా ఇది?"

భీమరాజు చుట్ట ఆరిపోయింది. దాన్ని చెవి మీద పెట్టుకున్నాడు. ఆయన కాదంటే లోవమ్మ చోటూ పోతుంది, నేను చేసిన పనీ నవ్వులపాలవుతుంది.

"చోటు గలవాడు తడి పట్టీ ఎవరి చేతిలో పెడితే వాళ్ళది" అన్నాడు చివరికి. "అదీ మన తాతలు పెట్టింది. మగ చెయ్యా ఆడ చెయ్యా అన్నది వాళ్ళు చెప్పలేదు. చెప్పాలని తోచలేదు కాబోలు. పాపం, వాళ్ళకి లోవమ్మ తెలీదుగా." చిట్టియ్య వైపు తిరిగాడు. "ఏరా, నువ్వు దాని ముందు నిలబడతావుగా. నీకేమైనా అడ్డా?"

"నాకేం అడ్డండీ? అది లేనిరోజు నా నడుం ఇరిగిపోద్ది" అన్నాడు చిట్టియ్య.

"అయితే పంచండి" అన్నాడు భీమరాజు.

బుల్లియ్య ఆ రోజునుంచీ నాతో మాట్లాడలేదు. నాకు పోయిందేమీ లేదు. మాట్లాడిన రోజుల్లో మాత్రం ఏం ఒరగబెట్టాడు?

ఆ సాయంత్రం లోవమ్మ పండుగప్ప ముక్కలు పులుసు పెట్టింది. తింటూండగా చూరులోంచి, చుట్టి పెట్టిన జనపనార తీసి నా ముందు పెట్టింది. పట్టీలోంచి కోసేసిన జానెడు ముక్క. నేను వస్తే మళ్ళీ కలిపి కుట్టాలని దాచిందట.

"ఇంక దాంతో పనేముంది?" అన్నాను.

"ఏమో. పారేయబుద్ధి కాలేదు."

దసరా వెళ్ళాక నేను మళ్ళీ పొగఓడ ఎక్కాలి. మేస్త్రీకి మాటిచ్చి వచ్చాను. ఆవిడ రాదు. రమ్మని నేను మళ్ళీ అడగలేదు, ఆవిడా ఆ మాట ఎత్తలేదు. మళ్ళీ వానాకాలానికి మాత్రం కబురు పెట్టి వస్తాను. బుల్లియ్యకు కాదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడతోపాటు ఒడ్డుకు వెళ్ళాను. తాడు చివర, లాగగా వచ్చిన తాడును చుట్టలు చుట్టే పని ఒకటుంటుంది. ముసలివాళ్ళూ, వేరే పనికి పనికిరానివాళ్ళూ చేస్తారు. దానికి చోటూ అక్కర్లేదు, పట్టీ అక్కర్లేదు. నేను అక్కడ చతికిలబడ్డాను. చీరుకుపోయిన కుడి అరచేతికి ఆ జానెడు ముక్క చుట్టుకున్నాను.

"రంగం దొర తాడు చుడుతున్నాడర్రో!" అని సుబ్బాయమ్మ కేకేసింది.

"చుట్టనీ పిన్నీ" అంది లోవమ్మ. గులాబీ గుడ్డ మడత సర్దుకుని, పట్టీ బిగించుకుంటూ నావైపు తిరిగింది. "బావా, ఆ చుట్ట వదులుగా ఉంది. ఇప్పి మళ్ళీ చుట్టు. రేపు పడవోళ్ళు చిక్కుపడిందని తిట్టేది నిన్ను కాదు, నన్ను."

విప్పి మళ్ళీ చుట్టాను.